నడుము కలుక్కుమన్నాక కరాటే

కిక్ వేస్తుంటే నడుము పట్టేసిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. అసలు జరిగింది వేరు. ఆదివారం పొద్దున క్లాసు అయిపోయింది. పిల్లలు చెప్పులేసుకుంటున్నారు. నేల మీది మ్యాట్ చుడదామని వంగాను, ఎడమ పక్క కలుక్కుమంది. లేవలేక అక్కడే మోకాళ్ల మీద కూలబడ్డాను. అప్పటికి నాకు 42 ఏళ్లు, బ్రౌన్ బెల్ట్. మా అమ్మాయిని కరాటేలో చేర్చినప్పుడు, గంటసేపు బెంచీ మీద కూర్చునే బదులు నేనూ చేరిపోయాను. తర్వాత తను మానేసింది, నేను మానలేదు.

నన్ను చూసిన ఒక డాక్టరుగారు "ఈ వయసులో ఇవన్నీ ఎందుకమ్మా, మానెయ్యండి" అన్నారు. క్లాసులో ఒక సీనియర్ "చెమట పడితే అదే పోతుందక్కా" అన్నాడు. ఇద్దరి మాటా విన్నాను. మానేసిన మూడు నెలల్లో నడుము ఇంకా బిగుసుకుపోయింది. చెమట పట్టించిన వారంలో నొప్పి తొడ దాటి పిక్కలోకి దిగింది. ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకున్నవీ, చదివి తెలుసుకున్నవీ, ఐదేళ్లుగా ఇంట్లోనూ క్లాసులోనూ పాటిస్తున్నవీ ఇక్కడ రాస్తున్నాను. నాది కరాటే కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అందులోవే. తైక్వాండో, జూడో, కర్రసాము చేసేవాళ్లకూ చాలావరకు పనికొస్తాయి.

1. మిగతావన్నీ తర్వాత, ముందు ఇది చదవండి. మూత్రం రాక ఇబ్బంది పడుతున్నా, తెలియకుండానే పడిపోతున్నా, సైకిల్ సీటు ఆనే చోట మొద్దుబారినా, పాదం పట్టు తప్పి నడకలో చెప్పు జారిపోతున్నా, అదే రోజు, వీలైతే ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. వెన్ను అడుగున ఉండే నరాల కట్ట నలుగుతోందనడానికి అవి గుర్తులు. ఆలస్యమైతే కాలి బలం గానీ, మూత్రం మీద పట్టు గానీ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. జ్వరంతో పాటు వచ్చిన నడుము నొప్పికీ, కారణం లేకుండా బరువు తగ్గుతున్నప్పటి నొప్పికీ, ఏ పక్కకు తిరిగినా రాత్రంతా వదలని నొప్పికీ, గట్టిగా కిందపడ్డాక మొదలైనదానికీ ఇంటి చిట్కాలు పనికిరావు. డాక్టరుకు చూపించాలి.

2. క్లాసుకు వెళ్లే పిల్లలు, ముఖ్యంగా 10 నుంచి 18 ఏళ్ల లోపువాళ్లు, వెనక్కి వాలితే నడుములో ఒక పక్క నొప్పి అంటున్నారా? రెండు మూడు వారాలైనా తగ్గలేదా? "ఎదిగే వయసు, అలాగే ఉంటుంది" అని వదిలెయ్యకండి. నడుమును పదేపదే వెనక్కి విరుస్తూ మెలితిప్పే ఆటల్లో లేత వెన్నుపూసకు సన్నని చీలిక రావచ్చు. జూడో, కుస్తీ, జిమ్నాస్టిక్స్ పిల్లల్లో ఇది తెలిసిన సమస్యే. తొందరగా పట్టుకుంటే కొన్ని నెలలు ఆట ఆపి, తర్వాత మెల్లగా వ్యాయామాలు చేయిస్తే చాలామందికి నయమవుతుంది. నొప్పి దాచుకుని పోటీకి వెళ్లిన పిల్లల సంగతే నాకు బెంగ.

3. మీ నొప్పి వంగితే పెరుగుతుందా, వెనక్కి వాలితే పెరుగుతుందా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే సగం దారి దొరికినట్టే. వంగినప్పుడు, ఎక్కువసేపు కూర్చున్నప్పుడు, తుమ్మినప్పుడు పొడుచుకొస్తే డిస్కు మీద ఒత్తిడి పడుతూ ఉండొచ్చు. అలాంటివాళ్లు సిటప్స్, కాలివేళ్లు అందుకోవడం, కాళ్లు చాపి ముందుకు వంగే స్ట్రెచ్‌లు ఆపాలి. నిలబడితే, వెనక్కి వాలితే, బోర్లా పడుకుంటే పెరిగేవాళ్లకు దండీలు, బ్రిడ్జి, వెనక్కి తన్నే కిక్‌లు పడవు. మన సాముగరిడీల తాలింఖానాల్లో దండీలూ బస్కీలూ అందరికీ ఒకటే లెక్కన తీయిస్తారు. ఒకరికి మందులా పనిచేసిన దండీయే పక్కవాడికి చేటు చేయొచ్చు. రెండు రోజులు గమనించి, ఏది పడదో చీటీ మీద రాసి క్లాసు సంచిలో పెట్టుకోండి.

4. నడుము పట్టేసిన మొదటి రోజు పడుకోవచ్చు, రెండో రోజూ పడుకోవచ్చు. మూడో రోజుకు లేవాల్సిందే. 1986లో అమెరికాలో రెండు రోజుల విశ్రాంతినీ ఏడు రోజుల విశ్రాంతినీ పోల్చి చూశారు. రెండు రోజులకే లేచినవాళ్లు తొందరగా పనిలో పడ్డారు, కోలుకోవడంలో తేడా ఏమీ రాలేదు. ఇంట్లోనే వరండాలో పది నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు నడవండి. చేతులు ఊపుతూ, ముందుకు చూస్తూ.

5. పొద్దున లేచిన మొదటి గంట నడుము వంచకండి. నా నొప్పిని అన్నిటికన్నా ఎక్కువగా తగ్గించిన చిట్కా ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున మన ఎత్తు ఒక సెంటీమీటరుకు పైగా ఎక్కువ ఉంటుంది. ఉబ్బిన డిస్కు వంగితే దాని మీద ఒత్తిడి మామూలుకన్నా బాగా ఎక్కువ. లేచి తిరుగుతుంటే గంటలో ఆ నీరు చాలావరకు సర్దుకుంటుంది. పొద్దునపూట వంగడం మానుకున్నవాళ్లకు నొప్పి తగ్గిందని 1998 నాటి ఒక అధ్యయనంలో తేలింది కూడా.

మన ఇళ్లలో ఆడవాళ్లం లేస్తూనే చేసేది ఏమిటి? పొట్టి చీపురుతో వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, నడుము రెండుగా మడిచి ముగ్గు వేయడం. నేను ఇప్పుడు ముగ్గు ఏడు దాటాకే వేస్తున్నాను, పొడుగు కర్ర చీపురు కొన్నాను. పళ్లు తోముకుని ఉమ్మేటప్పుడు ఒక చెయ్యి సింకు గట్టు మీద ఆనించి, తుంటి దగ్గర వంగుతాను. ఐదున్నరకు క్లాసు ఉంటే నాలుగున్నరకే లేస్తాను. లేచిన పావుగంటకే మైదానంలోకి వెళ్లి కాలివేళ్లు అందుకునే అలవాటు మీకుంటే ఈ నెల నుంచే మార్చుకోండి.

6. ఒళ్లు వేడెక్కకుండా ఏదీ మొదలుపెట్టొద్దు. 1970లో బ్రూస్ లీకి జరిగింది అదే. ఇంచుమించు తన బరువంత ఉన్న ఇనుప రాడ్డును భుజాల మీద పెట్టుకుని ముందుకు వంగి లేచే వ్యాయామం చేస్తుంటే నడుము దెబ్బతింది. ఆ రోజు ముందుగా వార్మప్ చేయలేదని ఆయన జీవిత చరిత్రల్లో రాశారు. ఇక కిక్ వేయలేవని వైద్యులు చెప్పారు, నెలల తరబడి మంచం మీదున్నాడు. ఆ రోజుల్లో తన విద్య గురించి కాగితాలకు కాగితాలు నింపాడు. 1973లో ఆయన చనిపోయాక, 1975లో వచ్చిన పుస్తకంలో ఆ రాతలు చాలా ఉన్నాయి. మన ఊళ్లలో పోస్టర్లు అతికించుకుని చూసిన ఎంటర్ ది డ్రాగన్ ఈ దెబ్బ తగిలిన మూడేళ్లకు వచ్చింది. ఆ నడుము నొప్పి ఆయన్ను చివరిదాకా వదల్లేదు, అయినా సాధన ఆగలేదు. నాకు ఇందులో ధైర్యమూ ఉంది, హెచ్చరికా ఉంది.

నా వార్మప్ పది నిమిషాలు. ఉన్నచోటే నడక, తుంటిని గుండ్రంగా తిప్పడం, పిల్లిలా నాలుగు కాళ్ల మీద ఉండి వీపు పైకీ కిందికీ ఏడెనిమిదిసార్లు, గోడ పట్టుకుని కాలు చిన్నగా ఊపడం. ఎగిరెగిరి కాలివేళ్లు అందుకోవడం ఇందులో లేదు.

7. రోజూ మూడు వ్యాయామాలు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన స్టూవర్ట్ మెక్‌గిల్ వీటిని ప్రచారంలోకి తెచ్చారు. చాప పరుచుకుంటే చాలు.

మొదటిది: వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడవాలి, రెండోది చాపాలి. రెండు అరచేతులూ నడుము కింది ఖాళీలో పెట్టుకుని తల, భుజాలు మాత్రం రెండంగుళాలు లేపాలి. చేతుల మీద నడుము బరువు మారకూడదు, అదే పరీక్ష.

రెండోది: పక్కకు తిరిగి మోచేయి మీద ఆని, మోకాళ్లు మడిచి, తుంటిని నేల మీంచి లేపడం. బలం వచ్చాక మోకాళ్లు చాపి చేయొచ్చు.

మూడోది: పసిపాప పాకే భంగిమలో ఉండి కుడి చెయ్యి ముందుకూ ఎడమ కాలు వెనక్కీ చాపడం, తర్వాత రెండో జత. మా ఫిజియోథెరపిస్టు నా నడుము మీద నీళ్ల గ్లాసు పెట్టి చేయించింది. మొదటి రోజు మూడు సెకన్లకే పడిపోయింది. స్టీలు గ్లాసు చాప మీద దొర్లిన చప్పుడు వినగానే నడుము ఎటు ఒరిగిందో నాకే తెలిసేది. నెల తిరిగేసరికి గ్లాసు నిలబడింది.

ఒక్కోటి పది సెకన్లకు మించి పట్టి ఉంచొద్దు. ముందు ఆరుసార్లు, కాస్త ఆగి నాలుగు, మళ్లీ ఆగి రెండు. నిమిషాల తరబడి ప్లాంక్ పట్టి ఫోనులో ఫోటో పెట్టేవాళ్లను చూసి పోటీ పడొద్దు. నడుముకు కావలసింది ఓపిక, చిన్న చిన్న దఫాలుగా.

8. కిక్ ఎత్తును మీ తుంటి నిర్ణయించాలి. నడుము దగ్గర ఉన్న ఐదు వెన్నుపూసలూ కలిసి పక్కకు తిరిగేది చాలా కొద్ది, పది పదిహేను డిగ్రీలు. పక్క నుంచి తిప్పి తన్నే మవాషీ గెరీ వేసేటప్పుడు మిగతా తిరుగుడంతా తుంటి నుంచీ, నిలబడిన పాదం నుంచీ రావాలి. నిలబడిన కాలి మడమ లక్ష్యం వైపు తిరగకపోతే ఆ మెలి మోకాలి మీదా నడుము మీదా పడుతుంది. చెమట కాళ్లతో రబ్బరు మ్యాట్ మీద పాదం అతుక్కుంటుంది కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. ముందు మడమ తిప్పడం, ఆ తర్వాతే కాలు.

మీ ఎత్తు తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది. అద్దానికి పక్కగా నిలబడి ఒక చేత్తో వంటింటి గట్టు పట్టుకోండి. రెండో అరచేయి నడుము గుంటలో పెట్టుకుని, మోకాలు మెల్లగా పైకెత్తి కాలు చాపండి. అరచేతి కింద నడుము గుండ్రంగా ఉబ్బడం మొదలైన చోట ఆగండి. ఈరోజుకు ముందుకు తన్నే మీ మాయే గెరీ అంతవరకే. నాకు మొదట్లో మోకాలి ఎత్తు వచ్చింది, ఇప్పుడు బెల్ట్ ముడి దాకా వస్తోంది. తల ఎత్తు కిక్‌లు నేను మళ్లీ వేయలేదు, వేయాలనీ లేదు. వెనక్కి తన్నే ఉషీరో గెరీని కనీసం మూడు నెలలు పక్కన పెట్టండి.

9. స్టాన్స్ ఒక జానెడు కుదించండి. ముందు మోకాలు వంచి నిలబడే జెన్‌కుట్సు దాచిలో వెనక కాలు పొడుగ్గా చాపినప్పుడు, తొడ ముందు కండరం బిగుసుగా ఉన్నవాళ్లకు పొట్ట ముందుకొచ్చి నడుము లోపలికి విల్లులా వంగుతుంది. వరుస కదలికలతో సాగే కటాలో ఆ భంగిమ పదిసార్లు వస్తే నడుము పదిసార్లు నలుగుతుంది. గ్రేడింగ్‌లో మార్కు తగ్గినా తగ్గనివ్వండి.

10. కియాయ్‌ని మొహమాటం లేకుండా అరవండి. దెబ్బ తగిలే క్షణంలో అరిస్తే పొట్ట చుట్టూ కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని నడుముకు పట్టీ కట్టినట్టవుతుంది.  పెద్దవయసులో చేరిన ఆడవాళ్లం పదిమందిలో గొంతు విప్పడానికి సిగ్గుపడతాం. నేనూ ఏడాది పాటు నోట్లోనే అనుకున్నాను.

11. జూడో, జుజుత్సు వాళ్లకు: నొప్పి ఉన్నన్నాళ్లూ మిమ్మల్ని ఎవరూ విసరకూడదు. కానీ పడటం నేర్చుకోవడం ఆపొద్దు. 1882లో జిగోరో కానో కొడోకన్ స్థాపించిన నాటి నుంచీ జూడోలో పడే పద్ధతి మొదటి పాఠాల్లోనే ఉంటుంది. ఇంట్లో పరుపు మీద గొంతుకూర్చుని, గడ్డం ఛాతీకి ఆనించి, పక్కకు ఒరుగుతూ అరచేత్తో పరుపును చరవండి. నడుము పలకలా నేలను తాకకూడదు.

12. కర్రసాములో కర్ర తిరిగినప్పుడు పాదాలూ తిరగాలి. అమలాపురంలో దసరాకు చెడీ తాలింఖానా చూసినవాళ్లు ఈసారి ముసలి ఉస్తాదుల కాళ్ల వైపు చూడండి. కర్ర మెరుపులా తిరుగుతున్నా వాళ్ల నడుము ఒంటరిగా మెలి తిరగదు. బొటనవేలు, మోకాలు, బొడ్డు, ముక్కు ఒకే దిక్కుకు తిరుగుతాయి.

13. మాస్టారుకు క్లాసు మొదలవక ముందే చెప్పండి, మధ్యలో కాదు. "మాస్టారూ, నడుము ఇంకా సర్దుకోలేదు. ఇవాళ కిక్‌లు మోకాలి ఎత్తు వరకే వేస్తాను, సిటప్స్ వదిలేస్తాను, ఆ టైములో నా మూడు వ్యాయామాలు చేసుకుంటాను" అని తేటగా చెబితే మంచి గురువు ఎవరూ కాదనరు. జతగా నిలబడే వాళ్లకూ చెప్పాలి. కాళ్లు చాపి కూర్చోబెట్టి వీపు మీద మోకాలితో తొక్కి వంచే అలవాటు కొన్ని క్లాసుల్లో ఇంకా ఉంది. నాకు ఒకచోట అలాగే చేశారు, వారం రోజులు కూర్చుని అన్నం తినలేకపోయాను. వెనక నుంచి ఎవరు తొయ్యబోయినా "వద్దు" అనే హక్కు మీకుంది. మీ పిల్లలకూ ఆ మాట నేర్పి పంపండి.

14. నొప్పికి లెక్క రాయండి. మా ఇంట్లో పాల లెక్క రాసే గోడ క్యాలెండర్ మీదే నేను రాస్తాను. సున్నా నుంచి పది వరకు ఒక అంకె, క్లాసు అయ్యాక ఒకటి, మర్నాడు పొద్దున ఒకటి. క్లాసులో మూడు లోపు ఉండి, మర్నాటికి మామూలైపోతే ఆ మోతాదు సరైనదే. మర్నాడు పెరిగితే తర్వాతి క్లాసులో సగానికి తగ్గించాలి. ఇంకో సంగతి: నొప్పి పిక్క నుంచి తొడకు, తొడ నుంచి నడుముకు ఎక్కి వస్తుంటే, నడుములో కాస్త ఎక్కువ అనిపించినా అది నయమవుతున్న గుర్తే. అదే కిందికి దిగుతుంటే ఆపి డాక్టరుకు చూపించండి.

15. క్లాసులో గంట, ఇంట్లో పదిహేను గంటలు. నా నడుము మ్యాట్ చుట్టబోతుంటే పోయిందని మొదటే చెప్పాను కదా. వంట గ్యాస్ 14.2 కిలోలే అయినా, బండతో కలిపి నిండు సిలిండర్ ముప్పై కిలోల దాకా ఉంటుంది. ఎత్తకండి, అంచు మీద దొర్లించండి. బియ్యం బస్తాను డబ్బాలో పోయాలంటే గిన్నెతో తోడి పోయండి. ఒక నిండు బకెట్ బదులు రెండు సగం బకెట్లు, చేతికొకటి.

తప్పక వంగాల్సొస్తే తుంటి దగ్గర వంగడం నేర్చుకోవాలి. చీపురు కర్రను వీపు వెంట నిలువుగా పట్టుకోండి. తల వెనక, భుజాల మధ్య, నడుము చివరి ఎముక, ఈ మూడు చోట్లా కర్ర ఆనే ఉండాలి. పిరుదులు వెనక్కి నెడుతూ వంగండి. క్లాసులో మాస్టారుకు పెట్టే నమస్కారం, రేయ్, సరిగ్గా ఇలాగే చేయాలి. రోజుకు ఇరవైసార్లు వంగి నమస్కరించే చోట ఇంతకన్నా మంచి సాధన ఏముంది? బరువు ఎత్తడానికి, కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు వంచే కిబా దాచి వాడండి. నేర్చుకున్న విద్య వంటింట్లో అక్కరకొస్తుంది.

16. కాపడం హాయినిస్తుంది, వాడుకోండి. రాళ్ల ఉప్పు మూకుట్లో వేయించి మందపాటి గుడ్డలో మూటకట్టి పదిహేను నిమిషాలు పెడితే కండరాల బిగువు సడలుతుంది. ముందు ముంజేతి మీద వేడి చూసుకోండి. మొద్దుబారిన చర్మం మీద, షుగరుతో స్పర్శ తగ్గినవాళ్లకు వద్దు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో మొదలుపెట్టిన అమృతాంజనం మనకు ఇంటి చుట్టమే. రాసుకోండి, కానీ దాని మీద కాపడం పెట్టొద్దు, చర్మం కాలుతుంది.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించుకుంటే నడుము పట్టు వదులుతుందని మా అత్తయ్య ఒక కుర్రాణ్ణి పిలిపించబోయారు. ఆవిడ ప్రేమకు దణ్ణం పెట్టి వద్దన్నాను. డిస్కు జారి ఉంటే ఆ తన్ను నరం మీద పడుతుంది. మనవళ్లతో వీపు తొక్కించుకోవడం, మంగలి షాపులో నడుము విరిపించుకోవడం కూడా అంతే.

17. క్లాసుకు ముందు నొప్పి మాత్ర వేసుకోకండి. నొప్పి తెలియదు కాబట్టి ఎంతవరకు ఆగాలో తెలియదు. కడుపుకు, కిడ్నీలకు చేసే చెరుపు వేరే.

18. కటిక నేల మీదో, గట్టి చెక్క మీదో పడుకుంటేనే నడుముకు మంచిదనే మాట అందరికీ వర్తించదు. స్పెయిన్‌లో చేసిన అధ్యయనం 2003లో వచ్చింది, మరీ గట్టి పరుపుకన్నా మధ్యరకం పరుపు మీద పడుకున్నవాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గింది. సాగిపోయి ఊయలలా దిగిన నులక మంచం మాత్రం వద్దు. వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద, పక్కకు తిరిగితే మోకాళ్ల మధ్య దిండు.

19. ఎమ్మారై రిపోర్టులో "డీజనరేషన్" అని చూసి కుంగిపోకండి. ఏ నొప్పీ లేనివాళ్ల స్కానింగులను పోగుచేసి 2015లో లెక్కవేస్తే, డిస్కులు అరిగినట్టు కనిపించినవాళ్లు 20 ఏళ్ల వయసులోనే 37 శాతం, 80 ఏళ్లకు 96 శాతం. తల నెరిసినట్టే అదీ. మీ నొప్పి, మీ కాలి బలం, మీ నడక, వీటితో కలిపి డాక్టరు చదివితేనే ఆ రిపోర్టుకు అర్థం.

20. తిరిగి వెళ్లడానికి నేను పెట్టుకున్న వరస: మొదటి రెండు వారాలు ఒంటరిగా కటా, సగం వేగంతో. మూడు, నాలుగు వారాల్లో ప్యాడ్ మీద చేతి దెబ్బలు. ఐదో వారం నుంచి తక్కువ ఎత్తు కిక్‌లు. ఎదురెదురుగా తలపడే కుమిటే అన్నిటికన్నా చివర, అదీ నమ్మకమైన జతతో. ఏ మెట్టు మీద అంకె పెరిగినా ఒక మెట్టు దిగడమే. గ్రేడింగ్ తేదీ దగ్గర పడుతోందని మెట్లు దాటొద్దు. నేను రెండు గ్రేడింగులు వదిలేశాను, మూడోదానికి వెళ్లాను.

21. ఏమీ చేయలేని రోజులు వస్తాయి. అలాంటి రోజుల్లో నేను పాలు పొయ్యి మీద పెట్టి, గట్టుకు రెండడుగుల దూరంలో కాళ్లు కదపకుండా నిలబడి హేయన్ షోడన్ అనే కటాలో చేతులు మాత్రం చేస్తాను. ఇరవై ఒక్క కదలికలు, ఒక్కోదానికి ఒక ఊపిరి. తిరగాల్సిన చోట కళ్లు మాత్రం తిప్పుతాను. రెండోసారి పూర్తయ్యేసరికి పాలు పొంగుకొస్తాయి.